దూది సైకిల్ మీది పిల్లోడు

మా ఊళ్లో బండల పాలిష్ ఫ్యాక్టరీ నుంచి సాయంత్రం ఇంటికి పోయే మనిషి తెల్లగా ఉంటాడు. బండను కోసేటప్పుడూ, నున్నగా చేసేటప్పుడూ దాని మీద నీళ్లు పడుతూనే ఉండాలి. ఆ నీళ్లూ రాతిపొడీ కలిసి పలచని బురద అవుతుంది. అది ఒంటి మీద చింది, ఎండి, చర్మం మీద ఇంకో చర్మంలా పట్టుకుంటుంది. కనుబొమ్మలు కూడా తెల్లబడతాయి. బేతంచెర్లలో పుట్టినవాళ్లకు ఇది వింత కాదు. కొత్తగా రైలు దిగినవాళ్లు మాత్రం సందెవేళ మమ్మల్ని చూసి ఒక క్షణం నడక ఆపుతారు.

ఫ్యాక్టరీలో చేరి చాలా ఏళ్లయింది. ఇన్నాళ్లూ ఇంటికి రాగానే నేరుగా పోయి కుళాయి కింద తల పెట్టేవాణ్ణి. ఈమధ్య ముందు అద్దం దగ్గరికి పోతున్నాను. ఎందుకు పోతున్నానో చెప్పాలంటే ఒక పిల్లల సినిమా గురించి చెప్పాలి.

మేము ఆరో తరగతి సెలవుల్లో ఉండగా హైదరాబాదు నుంచి సినిమా వాళ్లు వచ్చారు. కథ చిన్నది. ఒక ఊళ్లో పిల్లల సైకిళ్లన్నీ దొంగలు ఎత్తుకుపోయి పాత గనిలో దాస్తారు. పిల్లలు పోయి, దొంగలను ముప్పుతిప్పలు పెట్టి, సైకిళ్లు ఎక్కి బయటపడతారు. తరుముతున్న దొంగలకు దొరక్కుండా పాలిష్ బురద గుంటలోంచి తొక్కుకుంటూ వస్తారు. తెల్లగా లేచి వచ్చిన ఆ పిల్లలను దొంగలు దయ్యాలనుకుని జీపు వెనక్కి తిప్పుతారు. జీపు అదే గుంటలో పడుతుంది. అంతే. చూసేవాళ్లు కడుపు పట్టుకుని నవ్వాలి.

సైకిల్ తొక్కడం వచ్చిన పిల్లలు కావాలన్నారు. మా వీధిలో అందరికంటే ముందు నిలబడింది నా జతగాడు. దూదేకుల వాళ్ల పిల్లోడు. వాళ్ల నాయన సైకిల్ మీద ఊరూరూ తిరిగి దూది ఏకి పరుపులు, దిండ్లు కుట్టి ఇచ్చేవాడు. ఆ సైకిల్‌ను ఊరంతా దూది సైకిల్ అనేది. దూదేకే విల్లు కట్టుకోవడానికి వెనక ఇనుప కొమ్ము ఒకటి వెల్డింగ్ చేయించి ఉండేది. హ్యాండిల్‌కు దర్గాలో కట్టించిన పచ్చ గుడ్డ పేలిక. సీటు మీద కూర్చుంటే మా కాళ్లు అందేవి కావు. కడ్డీ కింద నుంచి ఒక కాలు దూర్చి, నడుము ఒక పక్కకు వంచి ఎండ్రకాయ మాదిరి తొక్కేవాళ్లం. వాడు అట్లా తొక్కుతూనే గని దిబ్బల మీది నుంచి కిందికి దూకించేవాడు.

వాడికి ఒక చారల చొక్కా ఉండేది. పరుపు పైగుడ్డ మిగిలితే వాళ్లమ్మ దాంతోనే కుట్టింది. బళ్లో "రేయ్ పరుపూ" అని పిలిచేవాళ్లు. వాడు ఏడ్చే రకం కాదు. "రా, పండుకో, మెత్తగుంటాది" అంటూ పిలిచినవాడి మీద పడేవాడు.

మొదటి రోజు మమ్మల్ని సైకిళ్లతో దిబ్బ మీద వరసగా నిలబెట్టి దూరం నుంచి తీశారు. దూది సైకిల్‌ను చూసి డైరెక్టర్ సారుకు నవ్వు ఆగలేదు. దాన్ని మధ్యలో పెట్టమన్నాడు. వాడు చారల చొక్కాతో మధ్యలో నిలబడ్డాడు. సినిమాలో ఇప్పటికీ ఆ ముక్క ఉంది. ఆవగింజలంత కనపడతాం.

రెండో రోజు అసలు పని. పసుపు చొక్కా వేసుకున్న హీరో పిల్లోడు గేర్ల సైకిల్ మీద దిబ్బ ఎక్కి గుంట మీదుగా ఎగరాలి. పట్నం నుంచి వచ్చిన ఆ పిల్లోడు గుంటలోకి తొంగి చూసి వెనక్కి వచ్చి వాళ్లమ్మ పక్కన కూర్చున్నాడు. అప్పుడు మేము ఎగతాళి చేశాం. ఇప్పుడు అనుకుంటే మా అందరికంటే బుద్ధి వాడికే ఉందనిపిస్తుంది.

డైరెక్టర్ సారు నెత్తిన తడి తువ్వాలు సర్దుకుని మా వైపు తిరిగాడు. "మీలో ఎవరన్నా ఎగురుతారా?"

"ఎగిరితే ఏమిస్తారు సార్?" నా జతగాడు అడిగాడు.

"ఐస్‌క్రీమ్."

"ముందే ఇయ్యండి సార్. పడితే తినలేను గదా."

అందరూ నవ్వారు. ఎగిరినాకే ఇస్తామన్నారు. వాడికి పసుపు చొక్కా తొడిగి, టోపీ ముక్కు మీదికి లాగారు. అప్పుడు ఒక అసిస్టెంటు అరిచాడు, నిన్న దూది సైకిల్ మీద చారల చొక్కా ఉంది, ఈరోజు కూడా ఉండాలి, ఎవరు తొక్కుతారని. నా జతగాడు నన్ను ముందుకు తోశాడు. "వీడు సార్. నా మాదిరే తొక్కుతాడు." వాడు విప్పిన చొక్కా నేను తొడుక్కున్నాను. లోపల వాడి చెమట ఇంకా వెచ్చగా ఉంది.

వాడు ఎగిరాడు. సైకిల్ గాల్లో ఉన్నంతసేపూ నోరు తెరవలేదు. ఎండకు కళ్లు చికిలించాడు, అంతే. అవతల దిగి, బ్రేకు దొరక్క, బండల తుక్కు కుప్ప దాకా పోయి ఆగాడు. కెమెరా వెనక వైపు నుంచి తీసింది. వాడి మొహం చూసింది అవతలి గట్టు మీద నిలబడిన మేమే.

తర్వాత మిగతా పిల్లలం బురద గుంటలోకి సైకిళ్లు దించాం. పైకి వచ్చేసరికి ఎవరు ఎవరో మాకే తెలియలేదు. కెమెరాను మా మొహాల దగ్గరికి తెచ్చారు. "దయ్యాల మాదిరి నవ్వుకుంటూ పోండి" అన్నారు. నాకు నవ్వు రాలేదు. బురద కళ్లలో మండుతోంది. సరిగ్గా కెమెరా పక్కకు వచ్చేసరికి దాని వెనక వాడు కనపడ్డాడు. పసుపు చొక్కాలో నిలబడి, ఐస్‌క్రీమ్ ముక్కుకు పూసుకుని, నాలుక చాపి నన్ను వెక్కిరిస్తున్నాడు. నేను తల తిప్పి పళ్లన్నీ బయటపెట్టి నవ్వాను.

ఆ వానాకాలం పాత గనులు నిండాయి. ఈతకు దిగినవాళ్లలో వాడొక్కడే పైకి రాలేదు. నేను ఆలూరులో మా మేనమామ ఇంట్లో ఉన్నాను. తిరిగొచ్చేసరికి వాణ్ణి మట్టి చేసి వచ్చారు. దూది సైకిల్ గోడకు ఆనించి ఉంది. ఆ తర్వాత వాళ్ల నాయన దాన్ని ఎక్కడం నేను చూడలేదు. దూదికి మిషన్లు వచ్చాయి, విల్లు అటక ఎక్కింది. వాళ్లమ్మ ఇంటి దగ్గరే బొంతలు, దిండ్లు కుట్టసాగింది. ఆమెను నేను చిన్నమ్మా అనీ, వాళ్ల నాయనను చిన్నాయనా అనీ పిలుస్తాను.

సినిమా మా ఊరి టాకీసుకు రాలేదు. విడుదల కాకుండానే ఆగిపోయిందన్నారు. ఆ మాట కూడా మెల్లగా ఆగిపోయింది.

నా చదువు పదో తరగతితో సరి. కానీ శాఖా గ్రంథాలయం తలుపు తెరిచే వేళకు ముందే మెట్ల మీద కూర్చునేవాళ్లలో నేనొకణ్ణి. బీరువాలో నేను తెరవని పుస్తకం తక్కువ. ఈ మాట చెప్పుకోవడానికి సిగ్గుపడను. అక్కడే, అట్ట ఊడిపోయిన ఒక పుస్తకంలో సినిమా ఎట్లా తీస్తారో చదివాను. అన్నీ కదలని బొమ్మలేననీ, వేగంగా పోతుంటే మన కన్నే వాటిని కదిలిస్తుందనీ. ఒకరి వీపుకు ఇంకొకరి మొహం అతికిస్తారనీ. నిన్నటి చొక్కా ఈరోజు కూడా ఉండడానికి ఒక పేరుందనీ, దాన్ని కంటిన్యుటీ అంటారనీ. ఆ మాట చదివి పుస్తకం మూశాను. ఆ చెమట వెచ్చదనం ఒంటికి తగిలినట్టయింది.

కొద్ది నెలల కింద, మధ్యాహ్నం సద్దులు విప్పుకునే వేళ, లోడింగ్ పిల్లోడొకడు ఫోన్ పట్టుకుని వచ్చాడు. ఎవరో ఆ సినిమాను మొత్తం నెట్‌లో పెట్టారు. సాయంత్రానికి ఊళ్లో ప్రతి ఫోన్‌లోనూ అదే. "మన ఊరి దయ్యాలప్పా" అని నవ్వుకున్నారు. "ఆ పసుపు సొక్కా పిల్లోడు సూడు, భలే ఎగిరినాడు, పట్నమోడైనా గుండె ఉండాది."

"అది వాడు కాదు" అన్నాను.

"మరి నువ్వా?" అన్నారు. మళ్లీ నవ్వారు.

రెండు రోజులకు చిన్నమ్మ కబురు పెట్టింది.

పోయేసరికి ఆమె నేల మీద సగం కుట్టిన బొంత పరుచుకుని కూర్చుంది. ఫోన్‌ను దిండుకు ఆనించి నిలబెట్టుకుంది. చిన్నాయన మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

"ఏమప్పా, యాడికి పోయినావు ఇన్ని దినాలు? కూర్చో. మా వాడు వచ్చినాడు సూడు."

"పొద్దన్నుంచి ఇదే," మంచం మీది నుంచి చిన్నాయన అన్నాడు. "అన్నం గూడా వండలేదు."

"వండినా. నువ్వు తిన్నావు గూడా. మర్చిపోయినావు."

ఆమె సరిగ్గా ఆ చోటికి తెచ్చి పెట్టింది. అప్పటికే ఎన్నోసార్లు తెచ్చినట్టుంది, వేలు తడుముకోలేదు. గుంటలోంచి తెల్లని పిల్లలు సైకిళ్ల మీద లేచి వస్తున్నారు. ఫోన్‌లోంచి ఎవరివో నవ్వులు, మావి కావు, స్టూడియోలో పెద్దవాళ్లు పిల్లల గొంతుతో నవ్విన నవ్వులు. దూది సైకిల్ వచ్చింది. వెనక ఇనుప కొమ్ము, ముందు పేలిక. కడ్డీ కింద కాలు దూర్చిన పిల్లోడు తల తిప్పి నవ్వాడు. ఆమె సూదిపోట్ల వేలితో ఆపింది.

"సూడు. బురదలో గూడా సొక్కా చారలు తెలుస్తాండాయి. పళ్లు సూడు. ఆధార్ కార్డులో ఉండేది మా వాడు కాదప్పా, పోలీసులు పట్టుకున్న దొంగ మాదిరి ఉండాడు. వాడికి భయపడి నేను ఆ కార్డు తీసేదే లేదు. ఇదీ, ఇది నా కొడుకు."

నేను చూశాను. అది నేను.

"ఊ" అన్నాను.

మర్నాడు సాయంత్రం మొదటిసారి, ఫ్యాక్టరీ నుంచి వచ్చి, అద్దం ముందు నిలబడ్డాను. తెల్లని మొహం. తెల్లని కనుబొమ్మలు. ఆ పిల్లోడు నీళ్లలోంచి లేచి వచ్చి, ఇన్నేళ్లు పెరిగి, అలసిపోయి నిలబడినట్టు ఉంది. పళ్లు చూపించి చూశాను. అదే నవ్వు. నా భార్య వెనక నుంచి "ఏమైంది, పన్ను నొప్పా?" అంది. అవునన్నాను.

తర్వాత చిన్నమ్మ ఇంటి ముందు నుంచి పోవడం కష్టమైంది. దారి అదొక్కటే. ఒక సందెవేళ ఆమె వాకిట్లో దూది ఆరబోస్తూ, నేను తెల్లగా వస్తుంటే చూసి, చేతిలో చేట అట్లాగే పట్టుకుని లేచి నిలబడింది. నేను దగ్గరికి వచ్చినాక, "నువ్వా అప్పా" అని మళ్లీ కూర్చుంది.

చెప్పేయాలనుకున్నాను. వాడు అంత ఎత్తు ఎగిరితే పేరు ఇంకొకడికి పోయింది. కన్నతల్లికైనా తెలియాలి గదా. మొహం కనపడకపోయినా ఆ వీపు వాడిది. నేను చదివినవాణ్ణి, విడమరిచి చెబితే ఆమెకు ఎందుకు అర్థం కాదని కూడా అనుకున్నాను.

ఆదివారం పోయి ఆమె పక్కన కూర్చున్నాను.

"చిన్నమ్మా, సినిమా అంటే ఒకే బిగిన తీసేది కాదు. ముక్కలు ముక్కలు తీసి, కత్తిరించి అతికిస్తారు. నువ్వు బొంత కుట్టినట్టు."

"ఊ."

"ఈడ పసుపు సొక్కా వేసుకోని ఎగిరేది మనవాడు. నేను కండ్లారా చూసినా. కిందికి దిగినాక కనపడే మొగం ఆ పట్నం పిల్లోడిది. మధ్యలో కుట్టు పడింది."

"యాడ పడింది?"

ఆపి చూపించాను. ఆమె ఫోన్‌ను కళ్ల దగ్గరికి తీసుకుంది. ముందుకు జరిపింది, వెనక్కి జరిపింది.

"కనపడలేదప్పా. పుట్టినప్పటినుంచి ఇదే పని చేస్తాండా. కుట్టు ఉంటే నాకు తెలీదా?"

"కనపడకుండా కుట్టేదే వాళ్ల పని చిన్నమ్మా."

"అయితే మొండెం మా వాడిది, తల ఇంకొకడిది అంటావు."

పుస్తకంలో చదివినప్పుడు ఆ మాట ఇట్లా లేదు.

"మరి దూది సైకిల్ మీద ఎవరు?"

"నేను."

ఆమె నా మొహం వైపు చూసింది. జుట్టు, మీసాలు, కళ్ల కింద పడిన నలుపు. తర్వాత ఫోన్ వైపు చూసింది. కోపం లేదు. పిల్లలకు లెక్క చెప్పేటప్పుడు ఉండే ఓపిక ఉంది.

"నువ్వు ఈడ ఉండావు గదా అప్పా. ఈడ నా పక్కన కూర్చోని ఉండావు. పెద్దోడివైనావు, పెండ్లాయె, సంసారమాయె. వాడే ఆడ ఉండాడు. అట్లనే ఉండాడు." దారం కొరికి తెంపింది. "ఆ సొక్కా కుట్టింది నేను. ఎవరికి కుట్టినానో మర్చిపోతానా?"

మంచం మీద చిన్నాయన ఇటు తిరిగాడు. నా వైపు చూసి, తల కొద్దిగా అడ్డంగా ఊపాడు. వద్దనో, చాలనో. మళ్లీ గోడవైపు తిరిగాడు.

"ఈ నవ్వే చోటును ఫొటో చేయించి తెచ్చియ్యి," చిన్నమ్మ అంది. "వాడి దినం వస్తాండాది. ఇంట్లో పెట్టుకుంటా."

ఎవరినైనా పంపొచ్చు. నేనే పోయాను. స్టేషన్ దారిలో ఉన్న స్టూడియో కుర్రాడు బొమ్మను కంప్యూటర్‌లోకి ఎక్కించి పెద్దది చేశాడు.

"ఎవరప్పా ఈ పిల్లోడు? పిండి గిర్నీలో పడినాడా?"

"పాలిష్ బురద."

"తీసేద్దామా? ఇప్పుడు మిషనే మొగం తెచ్చేస్తాది."

నేను జవాబు చెప్పేలోపే ఏదో నొక్కాడు. నుదుటి మీది తెలుపు పలచబడింది. కింద నుంచి మనిషి రంగు పైకి రాసాగింది. చెంపలు వచ్చాయి. ముక్కు వచ్చింది, మా అమ్మ ముక్కు. ఎడమ కనుబొమ్మ చివర, చిన్నప్పుడు బండ అంచు కోసుకున్న మచ్చ తేలుతోంది. నీళ్లలో మునిగినవాణ్ణి పైకి లాగుతున్నట్టుంది. తేలుతున్నది వాడు కాదు.

"ఆపప్పా."

"ఏం, బాగలేదా? బాగా వస్తాంటే."

"వద్దు. తెల్లగానే ఉండనియ్యి. ముందు ఉన్నట్టే చెయ్యి."

కుర్రాడు భుజాలు ఎగరేసి వెనక్కి తిప్పాడు. తెల్లని పొర మళ్లీ మొహం మీదికి వచ్చి మూసుకుంది. ఫ్రేమ్ కట్టించి, పాత పేపర్లో చుట్టి, చంకలో పెట్టుకుని తెచ్చాను.

వాడి దినానికి ముసురు పట్టింది. ఇంట్లో పోయినవాడి పేరున ఫాతెహా చదివించారు. గోడ గూట్లో ఫొటో. దాని ముందు రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద పళ్లెం. ఊదు పొగ ఫొటో అద్దాన్ని తాకి, విరిగి, పైకి పోతోంది. చదవడానికి వచ్చిన సాయిబు పెద్దాయన ఫొటో వైపు చూసి, "నవ్వు బాగుండాది, బిడ్డ స్వర్గంలో ఉండాడు" అన్నాడు. చిన్నమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుని నవ్వింది. ఇన్నేళ్లలో ఆమె పళ్లు కనపడేట్టు నవ్వడం అదే చూశాను.

నేను ఫ్యాక్టరీ నుంచి నేరుగా వచ్చాను. బయట వానలో నిలబడి కడుక్కున్నా చెవుల వెనక, గోళ్ల సందుల్లో తెలుపు మిగిలే ఉంది. గూటికి ఎదురుగా నన్ను కూర్చోబెట్టారు. ఫొటోలో పిల్లోడు నన్ను చూస్తున్నాడు. కాదు. వాడు చూస్తున్నది కెమెరా వెనక, ముక్కుకు ఐస్‌క్రీమ్ పూసుకుని నాలుక చాపిన ఒకణ్ణి. ఆ వెక్కిరించినవాడు లేకుంటే ఆ నవ్వే లేదు. ఈ మాట ఆమెకు చెప్పాలనిపించింది. మళ్లీ కుట్టు ఎక్కడుందని అడుగుతుందని ఊరుకున్నాను.

చిన్నమ్మ ఫొటో ముందు పెట్టిన పళ్లెం తీసి నా ముందు పెట్టింది. "వాడి పేరున చదివించింది. తిను."

తిన్నాను. పళ్లెం అయిపోయే వేళకు ఆమె గరిటె పట్టుకుని వచ్చి నిలబడింది. చూపు గూట్లోని ఫొటో మీద ఉంది.

"ఇంకొంచెం పెట్టేదా నాయనా?"

ఎవరిని అడిగిందో తెలియలేదు. నేను పళ్లెం చాపాను.